మెల్‌బోర్న్ దారిలో బ్యాంకాక్: పగలంతా ఖాళీ, ఊళ్లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్తే. ఫిబ్రవరి ఇన్‌టేక్‌లో మాస్టర్స్‌కి మెల్‌బోర్న్ వస్తున్నాను. హైదరాబాద్ నుంచి బయలుదేరి పొద్దున ఆరింటికి బ్యాంకాక్‌లో దిగుతాను, మెల్‌బోర్న్ ఫ్లైట్ రాత్రి పదకొండు దాటాక. రెండింటికీ టికెట్ ఒకటే. దేశం దాటడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కదాన్నే. ఎయిర్‌పోర్ట్ బయట కాలు పెట్టొద్దని అమ్మ ఒకటే టెన్షన్. అంతసేపు కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు. వెళ్లి రావచ్చా? వెళ్తే ఏం చూడాలి?

జవాబు

చెల్లెమ్మా, నిక్షేపంగా వెళ్లి రా. కాకపోతే బ్యాంకాక్ మొత్తం చూసేద్దామని మాత్రం బయలుదేరకు. నదికి ఈ ఒడ్డున ఒక గుడి, ఆ ఒడ్డున ఒక గుడి, మధ్యలో పడవ. అంతే. ఫ్లోటింగ్ మార్కెట్, సఫారీ అని యూట్యూబ్‌లో చూపించేవి పెట్టుకుంటే రోజంతా ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది.

ముందు కాగితాల సంగతి. మన పాస్‌పోర్టుకు వీసా అక్కర్లేదని 2024 జులైలో అన్నారు. ఇలాంటి రూల్స్ మారుస్తూ ఉంటారు కాబట్టి ప్రయాణానికి ముందు థాయ్ ఎంబసీ సైట్ ఒకసారి చూసుకో. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ కూడా నింపాలి, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. అది ఉచితం. డబ్బులు అడిగిన సైట్ కనిపిస్తే వెంటనే మూసేయ్, అది ఇమ్మిగ్రేషన్ వాళ్లది కాదు. హైదరాబాద్ కౌంటర్లో పెద్ద సూట్‌కేసుల ట్యాగ్ మీద మెల్‌బోర్న్ అని ఉందో లేదో నీ కళ్లతో చూసుకుని, రెండో బోర్డింగ్ పాస్ కూడా అడిగి తీసుకో.

క్యాబిన్ బ్యాగ్ మోసుకుంటూ తిరగొద్దు. ఎయిర్‌పోర్ట్‌లోనే డబ్బులు తీసుకుని సామాను ఉంచుకునే కౌంటర్ ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, వీసా గ్రాంట్ లెటర్ మాత్రం చిన్న బ్యాగ్‌లో నీ వీపు మీదే ఉండాలి. వాటిని ఎక్కడా వదలకపోవడమే నా పద్ధతి.

బేస్‌మెంట్‌కి దిగితే రైలు స్టేషన్. ఆ పక్కనున్న మనీ ఛేంజర్ల దగ్గర రేటు మామూలుగా పై అంతస్తుల కంటే నయం. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కి మక్కసాన్‌లో దిగు. అక్కడి నుంచి వంతెన మీదుగా నడిస్తే పెచ్చబురి మెట్రో స్టేషన్ వస్తుంది. బ్లూ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా సనామ్ చాయ్. ఆ స్టేషన్ లోపలే స్తంభాలు, బంగారు రంగు పైకప్పుతో దర్బారు హాల్లా ఉంటుంది, ఫొటోల కోసం అక్కడే ఆగిపోకు. నాలుగడుగులు వేస్తే వాట్ పో.

వాట్ పోలో పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. హాలు సరిగ్గా ఆ విగ్రహానికి సరిపడా కట్టినట్టుంటుంది, మొత్తం విగ్రహం ఒక్క చూపులో అందదు. ముఖం దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ పాదాల దాకా వెళ్లాలి. అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు ఉంటాయి. వెనక వైపు గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు. గిన్నెకో నాణెం వేసుకుంటూ జనం వెళ్తుంటే హాలంతా టింగ్ టింగ్‌మని మోగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు విన్నాక నువ్వూ చిల్లర కొనుక్కుంటావు, చూడు.

పక్కనే తా తియెన్ రేవు. అక్కడ ఐదారు బాత్‌లకే పడవ నిన్ను చావ్ ప్రాయా నది దాటించి వాట్ అరుణ్ దగ్గర దింపుతుంది. దూరం నుంచి తెల్లగా కనిపించే ఆ గోపురం దగ్గరికెళ్తే అంతా పింగాణీ ముక్కలే, పగిలిన పళ్లేల్ని పూల రేకుల్లా అతికారు. మెట్లు నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు జాగ్రత్త.

ఇక అసలు హెచ్చరిక. రాజభవనం, అదే గ్రాండ్ ప్యాలెస్, గోడ పక్కన నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకరు ఎదురై, ఏ దేశం అని నవ్వుతూ పలకరిస్తాడు. ‘ఈరోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు’ అంటాడు. అంతలో ఎక్కడి నుంచో ఒక టుక్‌టుక్ వచ్చి ఆగుతుంది. ఇరవై బాత్‌లకే ఊరంతా తిప్పుతానంటాడు. ఆ తిప్పడం నగల షాపు దగ్గరో, సూట్లు కుట్టే షాపు దగ్గరో తేలుతుంది. ఆయనకు దండం పెట్టి, టికెట్ కౌంటర్ దాకా నువ్వే నడిచి చూడు. గేటు బార్లా తీసే ఉంటుంది.

ఇంకో జవాబు

అన్నయ్య చెప్పిందంతా బాగుంది కానీ గ్రాండ్ ప్యాలెస్ వదిలేయమన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. 500 బాత్‌లు ఎక్కువే, జనం కూడా ఎక్కువే. అయినా లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వరండా గోడల మీద 178 భాగాలుగా రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, గీసి ఉంటుంది. మన హనుమంతుడు బ్రహ్మచారి కదా, వాళ్ల హనుమంతుడు వారధి కట్టే పనిలో ఉండి రావణుడి కూతురైన మత్స్యకన్యనే ప్రేమలో పడేస్తాడు. అది మనవాళ్లకు కాక ఇంకెవరికి సరదా? ఎనిమిదిన్నరకి తెరవగానే ముందు అక్కడికి వెళ్లు, తర్వాత మిగతావి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకో, చుడీదార్ అయితే ఏ గోలా లేదు. చున్నీ కూడా పెట్టుకో, ఎండకి పనికొస్తుంది.

ఓపిక మిగిలితే సామ్ యోట్ స్టేషన్ దగ్గర దిగి ఎర్రటి పెద్ద ఊయల స్తంభాల దాకా నడువు. పక్కనే 1784లో కట్టిన దేవస్థాన్ ఉంది. అక్కడి బ్రాహ్మణులు రాజకుటుంబానికి పురోహితులు. తిరుప్పావై, తిరువెంబావై పేర్ల మీద ఏటా అక్కడ ఉత్సవం జరుగుతుంది.

ప్రశ్న

చాలా థ్యాంక్స్ అన్నయ్యా, అక్కా. ప్యాలెస్ కూడా చూస్తాను. నేను గుడ్డు కూడా తినను, తిండి ఎలా? ఇంకోటి, అమ్మ ఆవకాయ సీసా హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోమంటోంది.

జవాబు

వెజ్ అని చెబితే సరిపోదు, కూరగాయల్లోనూ చేపల సాస్ పోస్తారు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాల బోర్డు ఉన్న చోట ‘జే’ అని అడుగు, అందులో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. లేదా సామ్ యోట్ దగ్గరే ఫాహురాట్, అది అక్కడి ఇండియన్ బజారు. గురుద్వారా ఉంది, రొట్టె, పప్పు దొరికే హోటళ్లున్నాయి. మామిడిపండుతో కొబ్బరిపాల జిగురన్నం మాత్రం తినకుండా రాకు.

నాలుగు దాటితే రోడ్డు మీద టాక్సీ జోలికి పోకు, వచ్చిన రైలు దారినే తిరిగి వెళ్లు. ఏడుకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉంటే నిశ్చింత. ఇంకో జత బట్టలు క్యాబిన్ బ్యాగ్‌లో ఉంచుకో, ఫిబ్రవరిలోనూ బ్యాంకాక్‌లో ఉక్కపోతే. పాస్‌పోర్ట్ చెకింగ్ దాటాక లోపల క్షీరసాగర మథనం పెద్ద శిల్పం ఉంటుంది, దాని ముందు ఫొటో దిగి అమ్మకి పంపు.

ఆవకాయ హ్యాండ్ బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు, వంద మిల్లీలీటర్లు దాటిన తడి పదార్థం కిందికే వస్తుంది అది. పెద్ద సూట్‌కేసులో రెండు కవర్లు చుట్టి పెట్టు. మెల్‌బోర్న్‌లో దిగే ముందు ఇచ్చే కార్డులో తిండి పదార్థాల దగ్గర ‘యెస్’ టిక్ పెట్టు. టిక్ పెడితే మహా అయితే తీసి పారేస్తారు. దాచిపెట్టి దొరికితే జరిమానా, ఒక్కోసారి వీసాకే ఎసరు.