డవ్‌టెయిల్ జాయింట్ అంచున కాంటాక్ట్ ప్రెషర్ ఆగకుండా పెరుగుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఎం.టెక్ ప్రాజెక్టుకి జెట్ ఇంజిన్ కంప్రెసర్ బ్లేడ్ అడుగుభాగం డిస్కు గాడిలో కూర్చునే జాయింట్‌ని 2డి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లో (ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) చూస్తున్నాను. రెండూ టైటానియం మిశ్రమమే. బ్లేడ్ 400 గ్రాములు, గరిమనాభి 0.3 మీటర్ల వ్యాసార్థంలో, వేగం 10,000 ఆర్‌పీఎం. చేత్తో లెక్కేస్తే అపకేంద్ర బలం దాదాపు 132 కిలోన్యూటన్లు. అరకిలో కూడా లేని ముక్క 13 టన్నుల పైన లాగుతోంది! సాఫ్ట్‌వేర్‌లో రియాక్షన్ (ఆధారం దగ్గరి ప్రతిబలం) కూడా సరిపోయింది కాబట్టి లోడ్‌లో తప్పు లేదు.

గొడవంతా కాంటాక్ట్ అంచు దగ్గరే. మెష్ (ఆ ముక్కల సైజు) 0.5 మి.మీ. ఉంటే పీక్ ప్రెషర్ 610 ఎంపీఏ (మెగాపాస్కల్), 0.25కి 740, 0.1కి 905. మధ్యలో మాత్రం 300 దగ్గర కదలడం లేదు. అంచుకి 3 మి.మీ. రేడియస్ ఇచ్చాను, మరి సింగులారిటీ (మెష్ సన్నం చేసేకొద్దీ విలువ అంతులేకుండా పెరగడం) రాకూడదు కదా? తిన్నని అంచులుండే లీనియర్ ఎలిమెంట్ల వల్ల ఆ వంపు చిన్న చిన్న మూలలుగా మారుతోందేమో అని అనుమానం. మెష్ ఇంకా సన్నం చేయాలా, అంచుకి విడిగా సబ్‌మోడల్ (ఆ భాగానికే సన్నని మెష్‌తో వేరే మోడల్) కట్టాలా?

ఘర్షణ గుణకం 0.3 పెడితే ఇంకో తిరకాసు: ఒకే వేగం దగ్గర, స్పీడు పెంచేటప్పుడు ఒక జవాబు, తగ్గించేటప్పుడు ఇంకో జవాబు. ఇది నిజమైన స్లిప్ (జారడం) ప్రభావమా, పెనాల్టీ స్టిఫ్‌నెస్ (కాంటాక్ట్ కోసం సాఫ్ట్‌వేర్ పెట్టే ఊహా స్ప్రింగు గట్టిదనం) తేడానా?

మా గైడ్ గారు సగటు చూసి వదిలెయ్యమంటున్నారు. కానీ ఫ్రెట్టింగ్ (సూక్ష్మ కదలికల రాపిడి) పగుళ్లు మొదలయ్యేది ఆ అంచునే కదండీ.