ఊరి లైబ్రరీకి పది నవలలు: అద్దె షాపు పుస్తకాలు పెట్టొచ్చా?

చెరువుగట్టు
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఒకప్పుడు లైబ్రరీ ఉండేది. తర్వాత అందులో ఎరువుల బస్తాలు చేరాయి. ఇప్పుడు బస్తాలు తీయించి మళ్ళీ తెరుస్తున్నాం. కువైట్లో ఉన్న మా వాళ్ళిద్దరు డబ్బు పంపారు. బీరువా, బల్ల, ఫ్యాను పోగా పది నవలలకు మిగిలింది. గొప్ప నవలల జాబితా నాకొద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. చదివి పదేళ్ళయినా మిమ్మల్ని వదలని నవల ఏదో చెప్పండి. ఎందుకు వదల్లేదో కూడా చెప్పండి.

తెలుగు మాస్టారు
మంచి పని తలపెట్టారు. మొదటి పుస్తకం విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. ఇందులో చర్చకు తావే లేదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో నారాయణరావు నవలతో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావుగారు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. అడివి బాపిరాజుగారి ఆ నారాయణరావు కూడా పెట్టండి, అందులో కథానాయకుడు మన కొత్తపేట వాడే. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' ఎటూ ఉండాలి.

ఒక్క మనవి. పుస్తకాలు అద్దెకిచ్చే షాపుల్లో తిరిగిన సీరియల్ నవలలు మాత్రం ఆ బీరువాలోకి రానివ్వకండి. ముప్పై మూడేళ్ళు బళ్ళో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఒక్కటి వస్తే వెనక ముప్పై వస్తాయి. ఆ తర్వాత మిగతా పుస్తకాల మీద దుమ్ము దులిపేవాడు ఉండడు.

లంక కుర్రాడు
బారిస్టర్ పార్వతీశం. ఇంకేం అక్కర్లేదు.

నిడదవోలు జంక్షన్
ఇంగ్లండు బయల్దేరిన పార్వతీశం మొగల్తూరు వాడైనా రైలెక్కింది మా ఊళ్ళోనే. ఆ గౌరవం మాకుంది, ఆయ్.

పూతరేకు
మాస్టారూ, నమస్తే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల పెట్టమని రాద్దామని వచ్చాను. మీ మనవి చూశాక రాయాలా వద్దా అని ఓ గంట ఆలోచించాను. అందులో జయంతి పేరు నేను మర్చిపోలేదు, రాజశేఖరం పేరూ మర్చిపోలేదు. చదివి నలభై ఏళ్ళు దాటింది. చెరువుగట్టుగారు అడిగింది "వదలని నవల" అనే కదండీ. నన్ను వదలనిదాన్ని మీరెలా వద్దంటారు?

తెలుగు మాస్టారు
అమ్మా, పేర్లు గుర్తుండటం వేరు, పుస్తకం మనిషిలో నిలవటం వేరు. అలాంటి నవలల్లో హీరోకి కారు, హీరోయిన్‌కి ఆత్మాభిమానం, మధ్యలో ఒక అపార్థం ఉంటాయి. పుస్తకం మూశాక ఏం మిగులుతుంది? కారు రంగు, చీర రంగు. పాతికేళ్ళ తర్వాత ఆ పిల్ల తన జీవితాన్ని చూసుకుని "కారేదీ?" అని ఏడుస్తుంది. నేను చూశాను అలాంటివాళ్ళని.

పూతరేకు
కారు రాలేదని నేనేం ఏడవలేదండి. మా ఆయనకి లూనా ఉండేది, దాని మీదే అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చాం. చీర రంగు గుర్తుంటే తప్పేమిటి? మీకు వేయిపడగలు ధర్మారావు కట్టుకున్న పంచె అంచు గుర్తుంటే అది సాహిత్యం, నాకు చీర గుర్తుంటే కాలక్షేపమా?

కాలవగట్టు
మాస్టారూ, ఒక చిన్న ప్రశ్న. వేయిపడగలులో పసరిక అనే పాత్ర గురించి రెండు ముక్కలు చెప్పండి. మా అబ్బాయి అడుగుతున్నాడు.

తెలుగు మాస్టారు
విషయం పక్కదారి పట్టించకండి. పూతరేకుగారూ, నేను పంచె అంచు గురించి మాట్లాడటం లేదు. ఒక నవల భాషను పెంచుతుందా లేదా అన్నది ప్రశ్న.

లంక కుర్రాడు
పొద్దున్న ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. ఎందుకో రాయమన్నారు కాబట్టి రాస్తున్నా.

మా ఇల్లు గోదావరి లంకలో. 1986 ఆగస్టు వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నేనప్పటికి పుట్టలేదు, మా నాన్న చెప్పేవాడు. పడవ వచ్చేసరికి మా నానమ్మ బియ్యం మూటతో ఎక్కింది, తాతయ్య దూడతో ఎక్కాడు. నాన్న పుస్తకాల పెట్టె అటక మీదకి తోసి ఎక్కాడు. నీళ్ళు అటక దాకా వచ్చాయి. వరద తీశాక పెట్టె తెరిస్తే అన్నీ ముద్దయిపోయాయట. పార్వతీశం మొదటి భాగం ఒక్కటి విడదీయడానికి వచ్చింది. కొబ్బరి మట్టల మీద ఒక్కో కాగితం పరిచి ఆరబెట్టాడు. కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంది. వేలితో తడిమితే గరగరలాడుతుంది, గోదావరి ఇసుక ఇంకా ఉంది. సరిగ్గా పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కునే చోట ఒండ్రు మరక, అడ్డంగా, నీటిమట్టం గీత గీసినట్టు. ఆ మరక మీంచే నేను నవ్వుతూ చదువుకున్నాను. హైదరాబాద్ హాస్టల్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు నా ట్రంకు పెట్టె చూసి రూమ్మేట్లు నవ్వితే, నేనూ పార్వతీశాన్నేలే అనుకున్నా. అంతే నా కారణం. భాష పెరిగిందో లేదో నాకు తెలీదు.

నిడదవోలు జంక్షన్
ఆ పుస్తకం ఫొటో పెట్టు తమ్ముడూ.

కాలవగట్టు
మాస్టారూ, పసరిక?

గట్టిపెసర
'కాలాతీత వ్యక్తులు' నవల పేరు ఎవరూ అనలేదేం? ఇందిర లాంటి ఆడమనిషిని అంతకుముందు తెలుగు నవలలో చూపించండి చూద్దాం. రాసిన డాక్టర్ పి. శ్రీదేవిగారు చిన్న వయసులోనే పోయారు. సరే, మీ కొట్లాట మీరు కానివ్వండి.

తెలుగు మాస్టారు
గట్టిపెసరగారి మాట సమంజసం. కాలాతీత వ్యక్తులు కూడా పత్రికలో సీరియల్‌గా వచ్చినదే, కానీ సాహిత్యం. కాబట్టి సీరియల్ అన్నందుకు నేను వద్దనటం లేదు. అద్దె షాపు సరుకు వద్దంటున్నాను. ఆ షాపులు నాకు తెలుసు. సినిమా హాలు పక్కన బడ్డీ, తాళ్ళకు వేలాడేసిన వారపత్రికలు, వెనక నవలలు. పిల్లలు లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవారు. ఏటా పదో తరగతిలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఆ పిచ్చిలోనే తప్పేవారు. నేను సంచులు వెతికి తీసేసుకునేవాణ్ణి, దాచడం దేనికి? బీరువాలో పెట్టి, పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఎవరివి వాళ్ళకిచ్చేవాణ్ణి. ఒక్కటి కూడా చింపలేదు.

పూతరేకు
ఏప్రిల్‌లో ఇచ్చేవారా మాస్టారూ?

అద్దె పుస్తకాన్ని ఏప్రిల్‌లో ఇస్తే ఎంతవుతుందో ఎప్పుడైనా లెక్కేశారా? సెప్టెంబరులో తీసుకున్నారనుకోండి. ఏప్రిల్‌కి రెండొందల రోజులు. రోజుకి పావలా. యాభై రూపాయలు. పుస్తకం వెల పన్నెండు.

నా సంగతి చెబుతాను. మీ బడి కాదులెండి, మీరు కంగారు పడకండి. 1983, నేను పదో తరగతి. షాపులో డిపాజిట్ ఐదు రూపాయలు, అది మా అమ్మ కూరగాయల డబ్బుల్లోంచి ఇచ్చింది, నాన్నకి చెప్పకుండా. పుస్తకాలన్నిటికీ గోధుమ రంగు అట్ట వేసి, వీపు మీద సిరాతో నంబరు రాసేవాడు. నంబరు చెప్పి అడగాలి. మూలలు నూనె పట్టి మెత్తగా ఉండేవి. ఎవరో ఒకరు నలభయ్యో పేజీలోనే "హీరో చచ్చిపోతాడు" అని పెన్సిల్‌తో రాసేవాళ్ళు, పాపిష్టివాళ్ళు. ఒక్క రాత్రిలో చదివెయ్యాలి, రెండో రోజుకి ఇంకో పావలా లేదు. మీరు పుస్తకం కొనుక్కుని అరలో పెట్టుకుని మూడుసార్లు చదివినవాళ్ళు. నాకు ప్రతి పుస్తకమూ ఒక్క రాత్రే.

ఆ రోజు మధ్యాహ్నం బెల్లులో చదువుతుంటే మా మాస్టారు తీసుకున్నారు. సగంలో ఉన్నాను. తిరిగివ్వలేదు. షాపతను పది రోజులు చూసి ఇంటికొచ్చాడు. నాన్న వీధిలో నిలబడి అతని మాటలన్నీ విన్నారు. లోపలికొచ్చి నా మీద అరవలేదు, చెయ్యీ ఎత్తలేదు. "ఇంక బడి చాల్లే" అన్నారు. పరీక్ష ఫీజు కట్టలేదు. నన్ను తప్పించింది నవల కాదు మాస్టారూ.

లంక కుర్రాడు
అక్కా...

నిడదవోలు జంక్షన్
ఏ నవలండీ అది?

పూతరేకు
రంగనాయకమ్మ బలిపీఠం.

తెలుగు మాస్టారు
అమ్మా, బలిపీఠం అద్దె నవల కాదు! అది కులాంతర వివాహం మీద రాసిన గంభీరమైన నవల. దాన్ని నేనెప్పుడూ ఆ లెక్కలో వెయ్యలేదు. నా సంచి తనిఖీలో దొరికినా...

పూతరేకు
నాకు అద్దెకే దొరికిందండి. గోధుమ రంగు అట్ట మీద 212 నంబరు. పేరు కూడా లోపల చూస్తేనే తెలిసేది. మా మాస్టారు లోపల చూడలేదు. మీరు చూసేవారా?

కాలవగట్టు
ఇంక పసరిక సంగతి నేను అడగను.

గట్టిపెసర
రెండు రోజులైంది, మాస్టారు రాలేదు. అందరూ కలిసి పెద్దాయన్ని మరీ అన్నారేమో. ఆయన పిల్లల మంచికోరే చేశారు. మా ఇంట్లోనూ ఒక వదినగారు వారపత్రిక పట్టుకుంటే పాలు పొంగిపోయేవి.

పూతరేకు
పాలు ఫోను పట్టుకున్నా పొంగుతాయండి. నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. లెక్క చెప్పానంతే.

తెలుగు మాస్టారు
అలిగి వెళ్ళలేదు. అమలాపురం వెళ్ళాను, కంటి డాక్టరు దగ్గరికి.

ఆ యాభై రూపాయల లెక్క నాకెన్నడూ తట్టలేదు. బీరువాలో ఏడాదికి పదో పన్నెండో ఉండేవి. ఏప్రిల్‌లో తీసుకోవడానికి కొందరు వచ్చేవారు కాదు. నిర్లక్ష్యం అనుకునేవాణ్ణి. అట్టల లోపల చూశానా అని అడిగారు. లేదు.

కాలవగట్టుగారూ, మీరు దేనికి గుచ్చుతున్నారో నాకు అర్థం కాకపోలేదు. వేయిపడగలు ఎం.ఏ.లో పరీక్ష కోసం చదివాను. ఉద్యోగంలో చేరాక మళ్ళీ మొదలుపెట్టి సగంలో ఆపాను. నిజంగా నన్ను వదలనిది గోపీచంద్ నవల అసమర్థుని జీవయాత్ర. బీయీడీ అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం లేదు. అన్నయ్య ఇంట్లో తింటున్నాను. వదిన ఏమీ అనేది కాదు, కంచం పెట్టే చప్పుడు మాత్రం రోజురోజుకీ మారేది. ఆ రోజుల్లో చదివాను. అందులో సీతారామారావు నాతో పాటు కాలవ గట్టు మీద నడుస్తున్నట్టు ఉండేది. ఓ వారం సరిగ్గా నిద్ర లేదు. దాన్ని పిల్లలకివ్వాలంటే భయం వేసి ఇక్కడ రాయలేదు. ముప్పై మూడేళ్ళలో ఏ పిల్లాడికీ చదవమని చెప్పలేదు.

అయినా వేయిపడగలు బీరువాలో ఉండాల్సిందే. సగంలో ఆపేవాళ్ళకైనా సగం దొరకాలి.

కాలవగట్టు
క్షమించండి మాస్టారూ. నేనూ పూర్తి చెయ్యలేదు. అందుకే అడిగాను.

చెరువుగట్టు
ఇవాళ రాజమండ్రి వెళ్ళి పుస్తకాలు చూశాను. వేయిపడగలు లావు చూస్తే బీరువా అర సగం అదే పట్టేలా ఉంది. అయినా తీసుకున్నాను. సెక్రటరీ తీసుకున్నా. అసమర్థుని జీవయాత్ర పెద్దవాళ్ళ అరలో పెడతాం, మాస్టారూ, మీరు చెప్పారనే. పూతరేకుగారూ, బలిపీఠం కూడా తెచ్చాను. మీరు ఆ తర్వాత పూర్తి చేశారా?

పూతరేకు
చేశానండి, 2002లో. రాజమండ్రిలో పాత పుస్తకాలవాడి దగ్గర కనపడితే నిలబడి చూశాను. మా మాస్టారు తీసుకునేసరికి అరుణకీ భాస్కర్‌కీ పెళ్ళయింది. నేను అక్కడిదాకానే చదివాను. పంతొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరూ సుఖంగా ఉన్నారనే అనుకున్నాను. అంట్లు తోముకుంటున్నప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లల్ని కూడా పుట్టించాను. తర్వాత ఏమైందో చదివి, ఆ రాత్రి అన్నం తినలేదు. మా అమ్మాయి "పుస్తకానికి అన్నం మానేస్తారా" అంది. ఎప్పుడో 1983లో తినాల్సిన దెబ్బ అది.

తెలుగు మాస్టారు
అమ్మా, ఒక్క సంగతి. ఆ షాపతనికి డబ్బు ఎవరు కట్టారు?

పూతరేకు
నాన్నే. డిపాజిట్ ఐదూ పోను ఏడు రూపాయలు. రెండు విడతల్లో కట్టారు. అద్దె మాత్రం అతను వద్దన్నాడు, పాపం.

నిడదవోలు జంక్షన్
చెరువుగట్టుగారూ, పార్వతీశం మూడు భాగాలూ తీసుకున్నారా? మొదటిది ఒక్కటే తెచ్చి ఊరుకోకండి, అది మళ్ళీ సగంలో ఆపినట్టే అవుతుంది. ఇంతకీ ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

చెరువుగట్టు
మూడూ తెచ్చాను. తాళం ఎరువుల కొట్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. రేపు అడగాలి.