ఒక్క పరిశీలన తేడా కొడితే సిద్ధాంతాన్ని వదిలెయ్యాలా?

ప్రశ్నలపుట్ట:
తప్పని తేలితే వెంటనే వదిలేయడమే సైన్సు గొప్పతనం అంటారు. చరిత్ర చూస్తే అలా లేదే! బుధుడి కక్ష్య న్యూటన్ గురుత్వాకర్షణ లెక్కకు సరిపోవడం లేదని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే 1859లోనే తేల్చాడు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో వచ్చేదాకా, అంటే 56 ఏళ్లు, న్యూటన్‌నే పట్టుకుని వేలాడారు. ఇది మొండితనం కాదా?

చుక్కలరాత్రి:
కాదండీ. అదే లెవెరియే అంతకు ముందు ఏం చేశాడో చూడండి. అప్పుడు యురేనస్ లెక్క తప్పి నడుస్తోంది. ఆయన న్యూటన్‌ను అనుమానించలేదు, అవతల ఇంకో గ్రహం ఉండి దాన్ని లాగుతోందన్నాడు. 1846లో బెర్లిన్‌లో గాలే అనే ఖగోళవేత్త టెలిస్కోప్ తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. మీ సూత్రం ప్రకారమైతే న్యూటన్‌ను అంతకు ముందే పారెయ్యాలి.

బుధుడికీ అదే మందు వేశాడు. సూర్యుడి పక్కన వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. చూశామన్నవాళ్లు కూడా ఉన్నారు! తీరా చూస్తే అది లేనేలేదు. బుధుడి కక్ష్యలో వచ్చిన తేడా ఎంతంటే, వందేళ్లకు సుమారు 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీకి 3600). మనిషి ఒకడే, పద్ధతీ ఒకటే. ఒకసారి గ్రహం దొరికింది, ఇంకోసారి సిద్ధాంతమే మారాల్సి వచ్చింది. ఏది ఏదో ముందే ఎలా తెలుస్తుంది?

ప్రశ్నలపుట్ట:
నెప్ట్యూన్ మాట ఒప్పుకుంటాను. కానీ ఇలాగైతే ‘కనబడనిదేదో ఉంది’ అని ఏ సిద్ధాంతాన్నైనా ఎన్నాళ్లైనా బతికించొచ్చు. గెలాక్సీలను తన గురుత్వంతో పట్టి ఉంచుతోందని చెప్పే, కంటికి కనబడని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) ఇంతవరకు నేరుగా పట్టుబడలేదు. అది నెప్ట్యూనా, వల్కనా?

రాతిపలక:
ఇద్దరూ ఆకాశంలోనే ఉన్నారు, కాస్త నేల మీదికి రండి. ఖండాలు కదిలాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లో చెప్పాడు. చాలామంది కొట్టిపారేశారు. దీన్ని పండితుల అహంకారం కథగా చెబుతుంటారు, నాకు నచ్చదు. అంత రాతిని ఏ శక్తి తోసిందని అడిగితే ఆయన చూపినవి భూభ్రమణం, ఆటుపోట్ల బలాలు. అవి ఏ మూలకూ సరిపోవు. అడ్డు చెప్పినవాళ్ల ప్రశ్న న్యాయమైనదే. 1960ల్లో సముద్రగర్భపు పర్వతశ్రేణికి రెండు వైపులా రాళ్లలోని అయస్కాంత చారలు అద్దం పట్టినట్టు సరిపోయాయి, అంటే సముద్రపు అడుగు అక్కడి నుంచి రెండు పక్కలకీ జరుగుతోందన్నమాట; ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అభిప్రాయం తిరగబడింది. పాపం వెగెనర్ 1930లోనే గ్రీన్‌లాండ్ మంచులో పోయాడు.

ప్రశ్నలపుట్ట:
బాగుంది. చుక్కలరాత్రి గారూ, మరి ఏం కనబడితే మీరు కృష్ణ పదార్థాన్ని వదిలేస్తారు?

చుక్కలరాత్రి:
గెలాక్సీల భ్రమణం, గెలాక్సీ గుంపుల దగ్గర కాంతి వంగడం, విశ్వపు తొలి కాంతిలోని హెచ్చుతగ్గులు, ఈ మూడింటినీ అది లేకుండానే ఒకే సూత్రంతో వివరిస్తే ఆ రోజే వదిలేస్తాను. కృష్ణ పదార్థం అక్కర్లేకుండా న్యూటన్ సూత్రాన్నే సవరించిన మాండ్ (MOND) అనే సిద్ధాంతం 1980ల నుంచీ ఉంది. గెలాక్సీల దగ్గర బాగానే నెగ్గుకొస్తుంది, గుంపుల దగ్గర తడబడుతుంది.

ప్రశ్నలపుట్ట:
అంటే, ఇంకోటి చేతికొచ్చేదాకా ఎన్ని తేడాలొచ్చినా పాతదాన్ని వదలరన్నమాట. నేను మొదట అడిగిందీ అదే కదండీ!