కలివి కోడి: కనిపించని పక్షిపై పరిశోధన ఇంతవరకు ఏం తేల్చింది?

ప్రశ్న — సగిలేరు

నమస్కారం. నేను బద్వేలు ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం గురించి మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక ప్రాజెక్టు సిద్ధం చేస్తున్నారు. అందులో ప్రధానంగా చెప్పుకోవలసింది కలివి కోడి గురించే. అనంతపురం ప్రాంతంలో 1900లో నమోదైన తర్వాత అది ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించారని, 1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపంలో మళ్లీ దొరికిందని, ఆ కారణంగానే 1988లో అభయారణ్యం ఏర్పడిందని పిల్లలకు చెప్పగలను. ఆ తర్వాత జరిగిన పరిశోధన గురించి మాత్రం నాకు తెలిసినదంతా అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క.

రాత్రిపూట మాత్రమే తిరిగే, అలికిడైతే పొదల్లోకి తప్పుకొనే పక్షి ఫలానా చోట ఉందని గానీ లేదని గానీ పరిశోధకులు ఎలా నిర్ధారిస్తారు? దానికి ఎలాంటి అడవి కావాలో ఎవరైనా కొలిచి చూశారా, లేక అదంతా ఊహేనా? ఇంకొక ప్రశ్న మా తరగతిలోనే పుట్టింది. మేకలు కాసే కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి లేచి, "మా మేకల వల్లే ఆ పక్షి పోయిందా సార్?" అని అడిగాడు. ఆ పిల్లవాడికి నోటికి వచ్చిన జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు — చిట్టడవి

సగిలేరు గారికి నమస్కారం. మెట్ట ప్రాంతాల పక్షులపై క్షేత్ర పరిశోధన నా వృత్తి కాబట్టి పద్ధతుల గురించి కొంత విపులంగా రాస్తాను.

1986 తర్వాత చాలాకాలం పరిశోధకులకు ఉన్న సాధనం టార్చిలైటు ఒక్కటే. రాత్రివేళ ముళ్లపొదల మధ్య నడుస్తూ, వెలుగు పడినప్పుడు పక్షి కనబడితే రాసుకోవడం, కనబడకపోతే తిరిగి రావడం తప్ప వేరే దారి లేదు. ఈ పద్ధతిలో ఉన్న లోపం ఏమిటంటే, పక్షి కనబడని రాత్రి మనకు ఏమీ చెప్పదు. పక్షి అక్కడ లేదో, ఉండి కూడా మన కంటికి చిక్కలేదో తేల్చుకోలేము.

ఆ చిక్కుముడిని విప్పింది 2000 తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పి. జెగనాథన్, ఆయనతో కలిసి పనిచేసిన బ్రిటన్ పరిశోధకులు అనుసరించిన పద్ధతి. వారు పొదల మధ్య ఖాళీ నేలపై మెత్తటి మట్టిని ఐదు మీటర్ల పొడవైన పట్టీలుగా పరిచి, సాయంత్రం చదును చేసి వదిలి, మరునాడు ఉదయం వాటిపై పడిన అడుగుజాడలను పరిశీలించారు. కలివి కోడి ఎగరడం కంటే నేలపై నడవడం, పరుగెత్తడం ఎక్కువ కాబట్టి మట్టి పట్టీని దాటక తప్పదు. దాని పాదానికి ముందువైపు మూడు వేళ్లే ఉంటాయి, వెనుక వేలు ఉండదు. వేళ్ల పొడవును, వాటి మధ్య ఎడాన్ని కొలిస్తే ఆ చిట్టడవిలో తిరిగే ఇతర పక్షుల అడుగుల నుంచి దీన్ని వేరు చేయవచ్చు. అనుమానం తీర్చుకోవడానికి జంతువు దాటగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరాలను కూడా అమర్చారు.

దీనివల్ల కలిగిన అసలు లాభం లెక్క. ఎన్ని పట్టీలు, ఎన్ని రాత్రులు, వాటిలో ఎన్నింటిలో జాడ పడింది అనే లెక్క చేతికి వస్తే, "కనబడలేదు" అనే మాటకు కూడా విలువ కట్టవచ్చు. పిల్లలకు చెప్పడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ ఇస్తాను. పక్షి నిజంగా ఉన్న చోట ఒక రాత్రి జాడ దొరికే అవకాశం పదింట ఒక వంతు అనుకుందాం. పది రాత్రులు చూసినా జాడ దొరకకుండా పోయే అవకాశం సుమారు 35 శాతం ఉంటుంది. అదే ముప్పై రాత్రులు చూస్తే ఆ అవకాశం 4 శాతానికి తగ్గుతుంది. కాబట్టి పది రాత్రులు వెతికి "ఇక్కడ లేదు" అని ప్రకటించేవారిని నమ్మకూడదు. ముప్పై రాత్రులు వెతికినవారి మాటను కొంత నమ్మవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్కను నల్లబల్లపై స్వయంగా చేయగలరు.

మరొక ముఖ్యమైన సాధనం కూత. సూర్యాస్తమయం తర్వాత సుమారు ముప్పావుగంటకు ఇది రెండు స్వరాల చిన్న కూతను వరుసగా కూస్తుంది. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు కూసి ఆపేస్తుంది. ఆ తర్వాత రాత్రంతా దాదాపు మౌనమే. అంటే ఎనిమిది దాటాక అడవికి వెళ్లి ఎంత చెవులు రిక్కించినా ప్రయోజనం తక్కువ. ఈ కూతను రికార్డు చేయగలిగిన తర్వాత, దాన్ని కొత్త చోట్ల వినిపించి, ప్రతిస్పందన వస్తుందేమో చూసి, పక్షి ఉనికిని గుర్తించే పని మొదలైంది.

ఇక ఎలాంటి అడవి కావాలన్న ప్రశ్న. అది ఊహ కాదు, కొలిచిన విషయం. ప్రతి మట్టి పట్టీ చుట్టూ పది మీటర్ల చదరంలో పొదలను, చెట్లను లెక్కపెట్టి, జాడలు పడిన సంఖ్యతో పోల్చి చూశారు. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు హెక్టారుకు వెయ్యికి లోపు ఉన్న చోట ఈ పక్షి తిరిగే అవకాశం అత్యధికమని 2004లో ప్రచురితమైన వారి అధ్యయనం తేల్చింది. పొదలు మరీ పలుచబడినా, మరీ చిక్కబడినా దానికి పనికిరాదు. ఇలాంటి నేలను ఉపగ్రహ చిత్రాల్లో కూడా గుర్తించవచ్చని వారు చూపడంతో, అడవి ఏటికేడు ఎంత తరుగుతున్నదో కాలినడకన తిరగకుండానే కొలిచే వీలు కలిగింది. అలా కొలిచినప్పుడే 1991 నుంచి 2000 వరకు అభయారణ్యంలోనూ చుట్టుపక్కలా చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గిందని బయటపడింది. నా దృష్టిలో ఈ పక్షిపై జరిగిన మొత్తం పనిలో అత్యంత విలువైనది ఇదే. పక్షిని చూడగలిగినా, చూడలేకపోయినా దాని ఇల్లు ఏమవుతున్నదో మనం చెప్పగలుగుతున్నాం.

జవాబు — పెన్నాతీరం

మేకల ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. మాది సిద్దవటం వైపు. అటవీ సంరక్షణ సమితుల పనిలో చాలాకాలంగా ఉన్నాను.

ముందుగా ఆ పిల్లవాడికి ఒక విషయం తప్పక చెప్పండి. ఎనభై అయిదేళ్లపాటు శాస్త్ర ప్రపంచానికి దొరకని ఈ పక్షిని 1986లో పట్టి చూపించినది ఐతన్న అనే స్థానికుడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వాకబు చేయడం వల్లనే ఆ కబురు బయటికి వచ్చిందన్నది నిజం. కానీ ఆ రాత్రి ఆ పొదల్లో దాన్ని గుర్తుపట్టినది మాత్రం అడవిలో తిరిగే మనిషి కన్ను. పట్టిన పక్షి కొద్ది రోజులకే చనిపోవడం బాధాకరమే అయినా, ఆ సంఘటన లేకపోతే ఈ రోజు అభయారణ్యమూ లేదు, ఈ చర్చా లేదు.

ఇక మేకలు. చిట్టడవి గారు చెప్పిన పొదల లెక్కనే కాపరి కోణం నుంచి చూడండి. మేకలు మేయడం వల్ల, వంటచెరకు కోసం అప్పుడప్పుడు కొమ్మలు కొట్టడం వల్ల పొదల మధ్య నేల తెరిపిగా ఉంటుంది. పక్షికి పరుగెత్తడానికి కావలసినది ఆ తెరిపే. అవి పూర్తిగా ఆగిపోతే పొదలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి సందు లేకుండా పోవచ్చు. మితిమీరితే పెద్ద పొదలు మోళ్లయిపోయి నీడా మరుగూ లేని బీడు మిగులుతుంది. మేతకూ కలప కొట్టడానికీ ఈ రెంటి నడుమ ఒక మోతాదు ఉండి ఉంటుందని, దాన్ని కనుగొనాలని పరిశోధకులే రాశారు. కాబట్టి "మీ మేకల వల్ల పోయింది" అనడం తప్పు. "మేకలు ఎన్నైనా ఫరవాలేదు" అనడమూ తప్పే.

యంత్రాలతో చదును చేసే పని మాత్రం వేరు. నిమ్మ తోటల కోసమో పొలాల కోసమో పొదలను వేళ్లతో సహా పెకలించిన నేల మళ్లీ చిట్టడవి కావడానికి దశాబ్దాలు పడుతుంది, ఒక్కోసారి అసలే కాదు. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం ఈ పక్షి తిరిగే చోటులోనే యంత్రాలు దిగి కొంత మేర పొదలను తొలగించాయి. పరిశోధకుల దగ్గర మట్టి పట్టీల లెక్కలు, పటాలు సిద్ధంగా ఉండబట్టే అభ్యంతరం చెప్పగలిగారు. చివరికి కాలువ మార్గం మార్చారు. నీరు కావాలని అడిగిన రైతుది న్యాయమైన కోరిక. కాలువ ఎటు వెళ్లకూడదో ముందే చూపగలిగిన సమాచారం చేతిలో ఉండటం వల్ల ఆ కోరికకూ పక్షికీ మధ్య ఒక దారి దొరికింది.

సగిలేరు

చిట్టడవి గారికి, పెన్నాతీరం గారికి కృతజ్ఞతలు. మీ జవాబులను యథాతథంగా తరగతిలో చదివి వినిపిస్తాను. అయితే సహోపాధ్యాయుడు ఒకరు ఒక అభ్యంతరం లేవనెత్తారు. 2008 తర్వాత ఏళ్ల తరబడి ఈ పక్షి ఉనికికి గట్టి ఆధారం దొరకలేదు కదా, అలాంటి పక్షి పేరు మీద భూములను కాపాడుతూ పోవడం కంటే, ఇంకా కంటికి కనబడుతున్న బట్టమేక పిట్ట వంటి వాటిపై ఆ డబ్బును, శ్రమను పెట్టడం మేలు కాదా అని ఆయన వాదన. దీనికి ఏమని చెప్పాలి?

జవాబు — మెట్టనేల

బట్టమేక పిట్టను ఉదాహరణగా తెచ్చారు కాబట్టి రాస్తున్నాను. నాది నందికొట్కూరు ప్రాంతం. రోళ్లపాడు మాకు దగ్గర.

రోళ్లపాడు అభయారణ్యం కూడా 1988లోనే ఏర్పడింది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే. 1980లలో అక్కడ బట్టమేక పిట్టలపై బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు ఏళ్ల తరబడి మంచి పరిశోధన చేశారు. పక్షి కళ్లెదుటే ఉన్నది, అభయారణ్యం ఉన్నది, పరిశోధన ఉన్నది. అయినా నిలవలేదు. ఎందుకంటే ఆ పక్షి ఆ చిన్న గడ్డిభూమిలో మాత్రమే బతికేది కాదు. చుట్టూ ఉన్న మెట్ట పొలాల్లో, వర్షాధారపు పైర్ల మధ్య కూడా తిరిగేది. కాలువల నీరు వచ్చి పంటల తీరు మారాక, అభయారణ్యం హద్దు లోపల గడ్డి ఉన్నా, హద్దు బయట దానికి చోటు లేకుండా పోయింది. సాధారణంగా ఒక ఈతకు ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెట్టే పక్షి అంత వేగంగా జరిగిన మార్పును తట్టుకోలేకపోయింది.

ఇప్పుడు ఆ జాతికి మిగిలిన ప్రధాన ఆశ్రయం రాజస్థాన్ ఎడారి. దేశం మొత్తం మీద 150కి మించవని అంచనా. అక్కడ విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్న పక్షుల గురించి భారత వన్యప్రాణి సంస్థ చేసిన అధ్యయనం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2019 నుంచి జైసల్మేర్ జిల్లాలో అడవి నుంచి సేకరించిన గుడ్లను పొదిగించి పిల్లలను పెంచుతున్నారు, 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా కూడా ఒక పిల్ల పుట్టింది. ఆ పని ఎంతో గొప్పది. కానీ ఆ పక్షులు పెరిగి పెద్దవైన తర్వాత వదలడానికి గడ్డిభూమి ఉండాలి కదా. పక్షిని పెంచడం నేర్చుకోవచ్చు, పోయిన గడ్డిభూమిని తిరిగి తేవడం అంతకంటే కష్టం. మా రోళ్లపాడులో ఇప్పుడు ఎవరైనా పిట్టలను తెచ్చి ఇచ్చినా, వదలడానికి తగినంత చోటు చూపలేము.

మీ సహోపాధ్యాయుడికి నా జవాబు ఇదే. కలివి కోడి విషయంలో పరిస్థితి రోళ్లపాడుకు తలకిందులుగా ఉంది. పక్షి ఉందో లేదో సందేహం కావచ్చు, కానీ దానికి తగిన చిట్టడవి ఇంకా కొంత మిగిలి ఉంది. ఆ నేలను ఇప్పుడు వదులుకుంటే, రేపు పక్షి బయటపడినా చేయగలిగింది ఏమీ ఉండదు. పైగా లంకమల కొండల్లోని ఎర్రచందనంతో పాటు ఆ పొదల్లో బతికే ప్రాణులు ఇంకా ఎన్నో ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటి భూములను బంజరు అని రాసుకోవడం వల్ల, వాటిపై ఆధారపడిన జీవరాశి మన లెక్కల్లోకి రావడం లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

జవాబు — చిట్టడవి

మెట్టనేల గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ రెండు విషయాలు చేరుస్తాను. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో కలివి కోడి కూతను మళ్లీ నమోదు చేశారు. కాబట్టి "లేని పక్షి కోసం" అన్న వాదన ఇప్పుడు నిలవదు. అయితే ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. ఇది ఎక్కడ గూడు కడుతుందో, పిల్లలను ఎలా పెంచుతుందో వర్ణించిన శాస్త్రీయ పరిశీలన ఒక్కటీ లేదు. ప్రపంచం మొత్తం మీద దీని గుడ్డుగా నిర్ధారణ అయినది ఒక్కటే. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన ఆ గుడ్డు స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉండిపోగా, దాదాపు వంద సంవత్సరాల తర్వాత డీఎన్ఏ పరీక్షతో అది కలివి కోడిదేనని తేలింది.

రెండవది మీ పిల్లల ప్రాజెక్టుకు సంబంధించినది. కూత రికార్డింగును సెల్‌ఫోన్‌లో పెట్టుకుని అడవి అంచుల్లో వినిపించే ప్రయత్నం దయచేసి చేయనివ్వవద్దు. అలా పదే పదే పిలిస్తే పక్షి తన చోటు వదిలి పోవచ్చు. అభయారణ్యం లోపల అనుమతి లేకుండా అది నేరం కూడా. బదులుగా పాఠశాల ఆవరణలోనో ఊరి పొలం గట్టునో మెత్తటి మట్టితో ఐదు మీటర్ల పట్టీ ఒకటి వేయించండి. సాయంత్రం చదును చేయించి, ఉదయాన్నే ఎవరెవరి అడుగులు పడ్డాయో గీయించండి. తీతువు, కౌజు, ముంగిస, కుక్క, ఏది పడినా కొలతలు రాయించండి. మేకలు కాసే ఆ విద్యార్థిని ఆ బృందానికి నాయకుడిగా పెట్టండి, అడుగులు గుర్తుపట్టడంలో అతనికి మిగతా పిల్లల కంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. నెల రోజుల లెక్కలు చేతికి వచ్చాక ఇక్కడ పెడితే, వాటి నుంచి ఏ పక్షి జాడ ఎన్ని రాత్రులకు ఒకసారి దొరుకుతున్నదో ఎలా లెక్కించాలో నేను వివరంగా రాసి పంపుతాను.