మాక్‌బెత్‌ని ముంచింది ఆశా, ఆ తర్వాత పట్టుకున్న భయమా? మీ మాట చెప్పండి

పూతలపట్టు_అబ్బాయి:
మొన్న మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం తిరునాళ అయిపోయింది. చిత్తూరు వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. మా ఊళ్ళో పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. వధ కోసం మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. వెల్లకిలా పడుకోనుంటాడు, పాదాల దగ్గర నిలబడితే తల కనపడాలంటే మెడ చాచాలి. భీముడి వేషగాడు గదతో తొడ మీద కొట్టగానే లోపల పెట్టిన కుండ పగిలి ఎర్రనీళ్ళు కారతాయి, అప్పుడు ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. చిన్నప్పుడు నేనూ కేకలు పెట్టేవాణ్ణి. ఈసారి పక్కన మా అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉంది. "వాడు చెడ్డోడే కదవ్వా" అంటే "చెడ్డోడే నాయనా, అయినా అంత మనిషి అట్ల పడిపోయినాడు కదా" అనింది.

అప్పటినుంచి డిగ్రీలో చదివిన షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ బుర్రలో తిరగతా ఉంది. తెలియనివాళ్ళకి కథ: స్కాట్లాండ్ సేనాపతి. నువ్వు రాజువవుతావని ముగ్గురు మంత్రగత్తెలు చెప్తారు, భార్య ఎగదోస్తుంది, తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ని నిద్రలో పొడిచేస్తాడు. "అదుపులేని ఆశ మనిషిని నాశనం చేస్తుంది" అని రాస్తే పరీక్షలో మార్కులు పడ్డాయి. ఇప్పుడు నాకు ఆ వాక్యం సగమే నిజం అనిపిస్తోంది. ఆశ డంకన్ దగ్గరే తీరిపోయింది కదా. కిరీటం నెత్తిన పెట్టుకున్నాక స్నేహితుడు బాంకోని ఎందుకు చంపించాడు? మాక్డఫ్ అనే ఇంకో ప్రభువు ఇంట్లో లేనప్పుడు మనుషుల్ని పంపి అతని భార్యని, పిల్లల్ని ఎందుకు నరికించాడు? అది ఆశ కాదు, దక్కింది పోతుందేమోనన్న భయం. మీరేమంటారు?

బంగారుపాళ్యం_రైతు:
తమ్ముడూ, ఇంత ఆలోచన ఎందుకు. దురాశ దుఃఖానికి చేటు అని పెద్దలు ఊరికే అన్లేదు. పైగా జోస్యం ముందే చెప్పేశారు, విధి అట్లుంటే మనిషి ఏం చేస్తాడు.

భవానీనగర్_టీచరమ్మ:
విధి అనకండి అన్నా. అదే చోట, అదే మంత్రగత్తెలు బాంకోకి కూడా జోస్యం చెప్పారు, నువ్వు రాజువి కావు కానీ నీ సంతతి రాజులవుతారని. అతను కత్తి తీయలేదే. మంత్రగత్తెలు చంపమని ఒక్క ముక్క కూడా అనలేదు. మాక్‌బెత్ కూడా మొదట్లో "రాసిపెట్టి ఉంటే నేను కదలకుండానే కిరీటం వస్తుంది" అనుకుంటాడు.

పూతలపట్టు తమ్ముడితో కూడా నాకు పేచీ ఉంది. మొదటి అంకం ఏడో రంగం మళ్ళీ చదువు. లోపల విందు జరుగుతుంటే ఒక్కడే బయటికొచ్చి లెక్కేసుకుంటాడు. ఆయన నాకు చుట్టం, రాజు, పైగా ఈ రాత్రికి అతిథి. నేను తలుపేసి కాపలా కాయాలి, కత్తి పట్టడమేంటి అనుకుంటాడు. చంపడానికి ఎగిరిపడే ఆశ తప్ప తనకి ఇంకో కారణం లేదని తనే ఒప్పుకుంటాడు. అంటే ఇది తప్పని తెలియక చేసినవాడు కాదు. అన్నీ తెలిసీ చేశాడు. అక్కడ భయం లేదు, ఆశే ఉంది. మొదటి హత్యని వదిలేసి తర్వాతి వాటి గురించి మాట్లాడితే ఎట్లా?

అలిపిరి_రూమ్‌మేట్:
నేను తిరుపతిలో కోచింగ్‌లో ఉన్నా, గ్రూప్స్‌కి చదువుతున్నా. మాది కూలి పని చేసుకునే ఇల్లు. ఆశ పాపం అని చెప్పే కథలంటే నాకు మంట. అసలు మాక్‌బెత్ ఎవరో చూడండి. నిజం రాజు 1040 నుంచి 1057 దాకా పదిహేడేళ్ళు ఏలాడు. డంకన్‌ని పడకమీద కాదు, యుద్ధంలో ఓడించాడు. 1050లో రోమ్ యాత్రకి పోయి బీదలకి డబ్బులు పంచాడని రాతల్లో ఉంది. అట్లాంటి మనిషిని హంతకుడిగా ఎందుకు మార్చారు? నాటకం 1606 ప్రాంతంలో వచ్చింది. అప్పటికి ఇంగ్లండ్ గద్దె మీద ఉన్న జేమ్స్ రాజు తన వంశం బాంకోది అని చెప్పుకునేవాడు. షేక్‌స్పియర్ చదివిన చరిత్ర పుస్తకంలో ఆ బాంకో కుట్రలో భాగస్తుడు, నాటకంలోకి వచ్చేసరికి మచ్చలేని మనిషి అయిపోయాడు. పైనున్నవాడి గద్దెని కిందివాడు కోరితే సర్వనాశనం అని పైనున్నవాళ్ళకి నచ్చేలా చెప్పిన కథ ఇది. కిందివాడు ఎక్కాలంటే ఆశ కాక ఇంకేముంది?

భవానీనగర్_టీచరమ్మ:
నాన్నా, చరిత్ర మాట నిజం, ఒప్పుకుంటా. కానీ అతను కిందివాడు కాదు కదా. రాజుకి దగ్గరి బంధువు, గెలిచిన సేనాపతి, అప్పటికే కొత్త బిరుదు కూడా ఇచ్చారు. నీ పుస్తకాల ముందు నువ్వు కూర్చునే ఆశని ఆ కత్తితో కలపొద్దు. మన భాషలో ఆశ వేరు, ఆశయం వేరు, పేరాశ వేరు.

పూతలపట్టు_అబ్బాయి:
టీచరమ్మ గారూ, మొదటి హత్య ఆశదే, సరే. మీ మాటకి తలవంచుతా. అయినా ఒకటి చెప్పనివ్వండి.

మా బాబాయికి మామిడి మండీ ఉండేది. మొదటిది బాగా నడిచింది, రెండోది పెట్టాడు. అది ఆశ, ఎవరికీ నష్టం లేదు. తర్వాత రోడ్డుకి అవతల ఇంకొకరు మండీ తెరుస్తున్నారని తెలిసింది, రైతులు అటు పోతారేమోనని వడ్డీకి తెచ్చి మరీ, తోటలో కాయ ఎట్లుందో కూడా చూడకుండా అడ్వాన్సులు ఇచ్చేశాడు. రాత్రి రెండింటికి లేచి వరండాలో బల్బు కింద తూకం చీటీలు పరుచుకుని లెక్కపెట్టేవాడు, పిన్ని "పడుకోండి" అంటే వినేవాడు కాదు. పదేళ్ళుగా కాటా దగ్గరుండే మనిషిని అవతలోళ్ళకి ధరలు చెప్తున్నావని తరిమేశాడు. ఆయన ఏడుస్తా పోయాడు. మండీ మునిగింది ఆశ వల్లనా? ఆ టెన్షన్ వల్ల అంటాను నేను. ఇప్పటికీ బాబాయికి నిద్ర లేదు.

నాటకంలోనూ అంతే. చంపి వచ్చిన మరుక్షణం "ఇక నిద్రపోకు, మాక్‌బెత్ నిద్రని చంపేశాడు" అన్న గొంతు వినబడిందంటాడు. భార్యేమో కోరింది దక్కినా తృప్తి లేకపోతే ఉన్నదంతా పోగొట్టుకున్నట్టే అంటుంది. ఆమెదీ అదే గతి, నిద్రలో లేచి నడుస్తా లేని రక్తాన్ని చేతులమీద రుద్దుకుంటుంది. బాంకో దయ్యం కనపడిన రాత్రి మాక్‌బెత్ అనే మాట నాకు మరపు రాదు: రక్తంలో ఇంత దూరం నడిచొచ్చాను, ఇప్పుడు వెనక్కి పోవడమూ అవతల గట్టు ఎక్కడమూ ఒకే కష్టం అని. మన స్వర్ణముఖి నీళ్ళున్నప్పుడు దాటినవాళ్ళకి తెలుస్తుంది ఆ మాట.

బంగారుపాళ్యం_రైతు:
మరి దుర్యోధనుడు? సంధికి కృష్ణుడే వచ్చాడు, ఐదూళ్ళిస్తే చాలన్నారు, సూది మొన మోపే నేల కూడా ఇవ్వనన్నాడు. భీష్ముడు, విదురుడు, కన్నతల్లి గాంధారి, అందరూ చెప్పారు. వాడిది భయమా?

పూతలపట్టు_అబ్బాయి:
మీది గట్టి ప్రశ్న అన్నా. దుర్యోధనుడికి అడ్డం చెప్పేవాళ్ళు సభ నిండా ఉన్నారు, వినలేదు. మాక్‌బెత్‌కి అడ్డం చెప్పింది తన మనసొక్కటే, దాన్నేమో ఇంట్లోవాళ్ళే నోరు మూయించారు. "ఇక దీన్ని ముందుకు తీసుకుపోవద్దు" అని భార్యతో అన్నాడు కూడా, నువ్వు మగాడివేనా అన్న ఒక్క మాటకి మెత్తబడిపోయాడు. అందుకే పోయేటప్పుడు కూడా ఇద్దరికీ పోలిక లేదు. భారతంలో దుర్యోధనుడు తొడలు విరిగి పడి కూడా, రాజ్యం ఏలాను, నాకంటే బాగా బతికినవాడెవడు అంటాడు. మాక్‌బెత్‌కేమో భార్య పోయిందని చెప్పగానే బతుకంతా అర్థంలేని గోలలాగా అనిపిస్తుంది.

అలిపిరి_రూమ్‌మేట్:
నా మాట నేను వెనక్కి తీసుకోను, కథ ఎవరి కోసం రాశారో అడగాల్సిందే. కానీ మాక్డఫ్ పిల్లాడి దగ్గర నాకూ నోరు రాదు. వాడు సింహాసనం అడగలేదు.

భవానీనగర్_టీచరమ్మ:
భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగంలో దుర్యోధనుడు రక్తంలో పడి ఉంటే చిన్న కొడుకు దుర్జయుడు వస్తాడు. నాన్న ఒళ్ళో కూర్చుంటానంటాడు. తొడలు లేవు, వద్దురా అంటాడు తండ్రి. ఆ పిల్లాడికి రాజ్యం సంగతి తెలియదు, రోజూ కూర్చునే చోటు ఎందుకు వద్దంటున్నాడో తెలియదు. పూతలపట్టు తమ్ముడూ, మీ అవ్వ ఏడ్చింది అన్నావే, నాకు అదే గుర్తొచ్చింది. మీ ఊరి నాటకంలో దుర్జయుడు వస్తాడా?

పూతలపట్టు_అబ్బాయి:
రాడు మేడం. అవ్వకి మీరు చెప్పిందంతా ఇప్పుడే చదివి వినిపించాను. "ఆ పిల్లోడ్ని ఎవురు ఎత్తుకున్యారు తర్వాత" అని అడగతా ఉంది.