అయనావరణమా, అయానావరణమా?

మహబూబ్‌నగర్ సభ్యుడు: బడిలో మా సైన్సు సారు నల్లబల్ల మీద రాసిన వాక్యం ఒకటి కొన్నాళ్లుగా వదలడం లేదు: "అయనావరణము రేడియో తరంగమును వంచి నేలకు మరలించును." చివరి క్రియ అదేనో కాదో గాని, నన్ను ఆపింది మొదటి మాట, నేలకు చాలా ఎత్తున గాలి అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ఉండే పొర పేరు. జీపీఎస్ సంకేతాలతో ఆ పొరలో మన ప్రాంతపు ఎలక్ట్రాన్ రాశికి నమూనా కట్టడం మీద వ్యాసం రాస్తున్నాను. య-కు దీర్ఘం ఇవ్వాలా?

నల్లగొండ సభ్యుడు: ఇవ్వవలసిందే. అయాన్ల, అంటే విద్యుదావేశమున్న కణాల, ఆవరణం గనుక అయానావరణం. హ్రస్వమైతే అయన + ఆవరణం అని విడదీసి, ఉత్తరాయణ దక్షిణాయనాలకు చెందిన పొర ఏదో అనుకుంటారు.

నాగర్‌కర్నూల్ సభ్యుడు: అనుకోనివ్వండి సార్. ఫారడే 1834లో వాడుకలోకి తెచ్చిన అయాన్‌కు గ్రీకులో "పోయేది" అని అర్థం. మన అయనానికి మూలమైన ఇణ్ ధాతువుకూ గతే అర్థం. రెండిటిదీ ఒకటే కుదురు. పైగా మన అక్షాంశాల్లో ఈ రాశి పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల వేళ, మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో హెచ్చుతుంది. కాబట్టి సూర్యగమనంతో సంబంధం లేదని కొట్టివేయలేము.

నల్లగొండ సభ్యుడు: వ్యుత్పత్తికి తలవంచుతాను, దీర్ఘాన్ని మాత్రం వదులుకోను.

దేవరకొండ సభ్యుడు: దీర్ఘం కన్నా "రాశి" ముఖ్యం, చాలామంది "సాంద్రత" అని రాసి చెడగొడుతున్నారు. ఘనమీటరులో ఉన్నది సాంద్రత. ఉపగ్రహం నుంచి రిసీవరు దాకా చదరపు మీటరు అడ్డుకోతతో సాగే స్తంభంలో ఉన్నదంతా రాశి. ఒకటి పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు ఒక యూనిట్. యూనిట్‌కు 1575.42 మెగాహెర్ట్జ్ జీపీఎస్ సంకేతం ఆలస్యమై, కొలిచిన దూరంలో సుమారు 16 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 50 యూనిట్లున్న మధ్యాహ్నం సవరణ చేయకపోతే అది 8 మీటర్లు, గట్టుకు ఇవతల నిలబడ్డ మనిషి అవతలి చెలకలో కనబడడానికి చాలు. 1227.60 మెగాహెర్ట్జ్ సంకేతం ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంది గనుక, ఆ రెండిటి తేడా నుంచే రాశిని రాబడతారు.

మహబూబ్‌నగర్ సభ్యుడు: అయస్కాంత మధ్యరేఖ, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత, దేశపు దక్షిణ కొసన ఉంది, అక్కడ పైకెగసిన ఎలక్ట్రాన్లు జారి, మనకు ఉత్తరాన గుట్టపడతాయి. మనం ఆ వాలు మీద ఉన్నందువల్లే ప్రాంతీయ నమూనా కావలసి వస్తోంది. ఇంతకీ దీర్ఘం సంగతి?

నాగర్‌కర్నూల్ సభ్యుడు: మీ సారు వాక్యం షార్ట్‌వేవ్ గురించినది, జీపీఎస్ సంకేతం ఆ పొరను దాటి వస్తుంది. అన్నట్టు, ఆ క్రియ "మరల్చును" అయి ఉండాలి.

నల్లగొండ సభ్యుడు: "మరలించును" కూడా సాధువే.