చీరల ఫొటోల్లో వెతుకులాట: వేవ్‌లెట్ ఫీచర్లు ఎందుకు తడబడుతున్నాయి?

చివరిబెంచీ_ఈసీఈ
ఎంటెక్ ప్రాజెక్టు. పోచంపల్లి చీర ఫొటో ఒకటి ఇస్తే అలాంటి డిజైన్లున్నవి పైన రావాలి. ఫొటోలు షాపుల్లో నేనే ఫోనుతో తీశా. (కొనవు గానీ ఫొటోలేంటి అని ఒకాయన కసురుకున్నాడు కూడా.) గ్రే చేసి, 256×256కి కుదించి, మూడు లెవెళ్ల డీడబ్ల్యూటీ (డిస్క్రీట్ వేవ్‌లెట్ ట్రాన్స్‌ఫార్మ్, ఫొటోని ముతక రూపంగా, సన్న వివరాలుగా విడదీసేది). పది సబ్‌బ్యాండ్లు (అలా విడిపోయిన ముక్కలు), ఒక్కోదాంట్లో అబ్సొల్యూట్ విలువల సగటు, స్టాండర్డ్ డీవియేషన్, వెరసి 20 అంకెలు. ఆపైన రెండు ఫొటోల అంకెల మధ్య యూక్లిడియన్ దూరం, అది తక్కువుంటే పోలిక ఎక్కువ.

అందరూ పరీక్షకి వాడే కోరెల్ వెయ్యి ఫొటోల సెట్ మీద పర్లేదు. బస్సులు, గుర్రాలు, డైనోసార్లు, దేనికదే వేరాయె. చీరల దగ్గరే గోల. అదే ఫొటోని మూడు పిక్సెళ్లు పక్కకి జరిపి క్రాప్ చేస్తే ర్యాంకులు మారిపోతున్నాయి. ఎడమకి వాలిన చారలూ కుడికి వాలినవీ ఒకటేనంటోంది. సీఎన్ఎన్ (డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్) వాడమనకండి, టైటిల్ ఇచ్చేశాను, గైడ్ ఒప్పుకోరు.

బేస్‌బ్యాండ్_బాబాయ్
రెండూ డీడబ్ల్యూటీ జబ్బులే తమ్ముడూ. ప్రతి లెవెల్లో ఫిల్టర్ చేశాక ఒకటి విడిచి ఒకటి శాంపిల్ పారేస్తావు. అంచు సరి స్థానంలో పడిందా, బేసిలో పడిందా అన్నదాన్ని బట్టి సబ్‌బ్యాండ్ ఎనర్జీయే మారిపోతుంది. పారేయకుండా స్టేషనరీ వేవ్‌లెట్ వాడితే ఆ తంటా ఉండదు. కానీ వాలు సంగతి తేలదు, హెచ్‌హెచ్ (ఏటవాలు వివరాల) బ్యాండ్‌కి +45, −45 డిగ్రీలు రెండూ ఒకటే.

కేంబ్రిడ్జిలో నిక్ కింగ్స్‌బరీ 1998లో తెచ్చిన డ్యుయల్ ట్రీ కాంప్లెక్స్ వేవ్‌లెట్ చూడు. లెవెల్‌కి ఆరు దిక్కులు: ±15, ±45, ±75. వచ్చే కాంప్లెక్స్ అంకెల్లో మాగ్నిట్యూడ్ తీసుకో, ఫేజ్ వదిలెయ్. డేటా నాలుగింతలవుతుంది, నీ సైజుకి అదో లెక్క కాదు.

మగ్గంగుంత
మాది నేత ఇల్లు, నేను చేసేది కోడింగు. పోచంపల్లి ఇకత్‌లో నూలుకి ముందే చిటికి కట్టి (రంగంటకుండా పోగుల్ని అక్కడక్కడా బిగించి) రంగులద్దుతారు, నేత ఆ తర్వాత. అందుకే డిజైన్ అంచు గీత గీసినట్టు ఉండదు, ఈకలా చెదురుతుంది. మీరు దగ్గర్నుంచి తీసుంటే మొదటి లెవెల్లో దొరికేది డిజైన్ కాదండీ, పోగులూ కెమెరా నాయిజూ. దానికి వెయిట్ తగ్గించి చూడండి. పల్లూ, అంచు, బాడీ మాత్రం ఒకే ఫొటోలో కలిపేయకండి.

గేబర్_గిరి
ఎవరూ అడగలేదేంటి, నార్మలైజ్ చేశావా? ఎల్ఎల్ బ్యాండ్ (ఫొటో ముతక రూపం) సగటు ముందు మిగతావన్నీ చిల్లర. నువ్వు పోలుస్తున్నది డిజైన్ని కాదు, షాపులో వెలుతుర్ని. ప్రతి ఫీచర్నీ మొత్తం డేటాబేస్ మీద దాని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించు. 1996లో మంజునాథ్, మా అనే ఇద్దరు పరిశోధకులు కలిసి గేబర్ ఫిల్టర్ల మీద రాసిన పేపర్లోనూ ఇదే పని చేశారు.

చివరిబెంచీ_ఈసీఈ
భాగించా. ట్యూబ్‌లైట్ ఫొటోలన్నీ ఒకచోట గుంపు కట్టడం చాలా తగ్గింది, థాంక్స్ అన్నా. డ్యుయల్ ట్రీ ఈ వారం పెడతా. బాబాయ్, ఫేజ్ ఎందుకు వదిలేశావని వైవాలో అడిగితే?

బేస్‌బ్యాండ్_బాబాయ్
అంచు ఎక్కడుందో చెప్పేది ఫేజు, ఎంత గట్టిగా ఉందో చెప్పేది మాగ్నిట్యూడు. చీర ఫ్రేములో ఎక్కడుంటే నీకెందుకు? అయినా అడుగుతారు. మూడు పిక్సెళ్లు జరిపిన ఫొటోకి ముందూ తర్వాతా రెండు ప్లాట్లు గీసి దగ్గర పెట్టుకో.